ఊపిరి వినపడే ట్యూనర్

ఆత్మకూరులో నా రేడియో అంగడి మూసి రెండేళ్లయింది. బోర్డు దించేశాను గానీ ఫోన్లు ఆగలేదు. చేసేవాళ్లు ఎక్కువగా పాతికేళ్లు, ముప్పై ఏళ్లవాళ్లు. వాళ్లకు ఊహ తెలిసేసరికే రేడియోలు ఇళ్లలో అటకలెక్కాయి. ఇప్పుడు ఎందుకో వాళ్లకు పాత ఎఫ్ఎం ట్యూనర్ల మీద మనసు పడింది. కొందరు వాటిని విప్పి బాగుచేయడం నేర్చుకుంటున్నారు కూడా. ఇది వాళ్లకోసం రాస్తున్నాను.

ట్యూనర్ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. అది పూర్తి రేడియో కాదు. గాలిలోంచి ఒక స్టేషన్‌ని పట్టుకుని, అందులోంచి పాటను విడదీసి ఇచ్చే పెట్టె మాత్రమే. దానికి ఆంప్లిఫయరూ స్పీకర్లూ వేరేగా తగిలించుకోవాలి. చేసేది ఒకటే పని కాబట్టి, తయారుచేసినవాళ్లు తమ బుద్ధినంతా ఆ ఒక్క పని మీదే పెట్టారు. యాభై ఏళ్ల కిందటి పెట్టె ఈరోజుకీ మనల్ని నోరెళ్లబెట్టిస్తుందంటే కారణం అదే.

ఏ కంపెనీది కొనాలి, ఏ మోడల్ కొనాలి అని అడుగుతారు. నేను పేర్లు చెప్పను. ఒకే రోజు ఒకే బల్ల మీద తయారైన రెండు ట్యూనర్లు ఇన్నేళ్ల తర్వాత రెండు వేరు వేరు ట్యూనర్లే. ఒకటి చల్లటి గదిలో పెరిగి ఉంటుంది, ఇంకొకటి వంటింటి పొగలో. పేరు చూసి కాదు, పెట్టెను చూసి, విని కొనాలి. ఎట్లా వినాలో చెప్పడానికి నా దగ్గర రెండు కథలే ఉన్నాయి. ఒకటి నేను చెడగొట్టిన పెట్టెది. రెండోది ఉదయగిరి పెంచలయ్య కోసం ఎంచిన పెట్టెది.

సుబ్బరామయ్య గారి చెవి

నాకు పని నేర్పినాయన సుబ్బరామయ్య గారు. మిలిటరీలో వైర్‌లెస్ సెట్ల పని చేసి వచ్చి ఆత్మకూరు బజారులో అంగడి పెట్టుకున్నాడు. నేర్పాడు అన్నాను గానీ, ఉన్నమాట చెప్పాలంటే ఆయన చేతులారా నేర్పింది తక్కువ. సర్క్యూట్ పటాలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకునేవాడు. ఏదైనా అడిగితే విసుక్కునేవాడు. గిరాకీకి వచ్చినవాళ్లను కూడా ఒక్కోసారి తిట్టి పంపేవాడు. ఆయన భుజం మీదుగా తొంగి చూసి నేర్చుకున్నదే నా చదువు. విద్యను దాచుకోవడం మంచి గుణం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

కానీ ఆయన చెవి ముందు నేను ఎన్నోసార్లు బిత్తరపోయి నిలబడ్డాను. ఎదురు వరసలో టీ అంగడి రేడియో పాడుతుంటే ఇక్కడ కూర్చుని, దాంట్లో ఫలానా వాల్వు వారంలో పోతుందనేవాడు. వారంలో పోయేది. సెట్టు అంగడికి వస్తే పది నిమిషాలైనా వినకుండా మూత విప్పేవాడు కాదు. కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకు వంచి కూర్చునేవాడు. అదేదో డాబు అనుకున్నాను చాలా ఏళ్లు.

నేను చెడగొట్టిన పెట్టె

ఎఫ్ఎం మా వైపు కొత్తగా వచ్చిన రోజులు. అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. నేర్చుకునే వయసు దాటిపోయింది, అంతా వచ్చనుకునే వయసు. సుబ్బరామయ్య గారు ముసలాడైపోయి పూట పూటకీ అంగడికి రావడం మానేశాడు.

జలదంకి నుంచి ఒక రైతు ట్యూనర్ తెచ్చాడు. ఆయన బావమరిది ఓడలో పనిచేస్తూ అమెరికా రేవులో కొన్నాడట. వెండి రంగు ముఖం, బరువైన మీట, చూడముచ్చటగా ఉంది. బాధ ఒకటే. పాట మూసుకుపోయినట్టు ఉంది. గాయకురాలి గొంతుకు దుప్పటి కప్పినట్టు, తాళాల మోత దూరంగా పక్క వీధిలో నుంచి వచ్చినట్టు.

నేను రెండు నిమిషాలు కూడా వినలేదు. లోపల కాయిళ్లు పక్కకు జరిగి ఉంటాయని తేల్చేసుకుని, మూత విప్పి, స్క్రూడ్రైవరుతో వాటి నడుమ మరల్లా తిరిగే కోర్‌లు ఒక్కొక్కటీ తిప్పడం మొదలుపెట్టాను. కాస్త మెరుగైనట్టు అనిపించేది, ఇంకొకటి తిప్పేవాణ్ని, మళ్లీ పోయేది. మధ్యాహ్నానికి ఆ పెట్టెలో గరగర తప్ప ఏమీ మిగల్లేదు. ఏది ఎంత తిప్పానో నాకే గుర్తు లేదు. నోరు విప్పి చెప్పడానికి సిగ్గై, సైకిలెక్కి సుబ్బరామయ్య గారి ఇంటికి వెళ్లాను.

ఆయన తిట్టలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. ట్రంకుపెట్టె తాళం తీసి, నా చేతికి మొదటిసారి ఒక పటం ఇచ్చాడు. పెట్టెను దారిలో పెట్టడానికి ఇద్దరికీ రెండు రోజులు పట్టింది. అసలు లోపం కాయిళ్లలో లేనే లేదు. స్టేషన్ వాళ్లు పాటను పంపేటప్పుడు సన్నటి శబ్దాలను కొంచెం పైకెత్తి పంపుతారు. పట్టుకునే పెట్టె వాటిని అంతే కిందికి దించాలి. అమెరికాలో ఎత్తే కొలత వేరు, మన దగ్గర వేరు. ఆ పెట్టె అక్కడి కొలతతో, కావలసినదానికంటే ఎక్కువ దించుతోంది, అందుకే దుప్పటి. రెండు చిన్న కండెన్సర్లు మారిస్తే అయిపోయే పని.

అవి మార్చి, స్టేషన్ పెట్టాం. దుప్పటి తొలగిపోయింది. తంబురా తీగ మీద వేలు జారడం వినపడింది. నేను ఆ శబ్దానికి అట్లాగే ఉండిపోయాను. సుబ్బరామయ్య గారు నా వైపు తిరిగి అన్న మాట ఇది:

"ముందు విను. ఆనాక చూడు. ఆ రెండూ అయినాకనే ముట్టుకో. నువ్వు ముట్టుకోవడంతో మొదలుపెట్టినావు."

ఆ తర్వాత జలదంకి ఆయనకు జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన నవ్వి, అయితే ఇప్పుడు ఇంకా బాగుందిగదా అని తీసుకుపోయాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కాయిళ్ల మీద తయారీవాళ్లు పెట్టిన రంగుచుక్కలు కోర్‌లు తిప్పుతూ నేను పగలగొట్టేశాను. ఎక్కడో ఒక మనిషి కొలతపెట్టె ముందు కూర్చుని, వెంట్రుకవాసి తిప్పి, ఇదే దీని చోటు అని ఆ చుక్క పెట్టి ఉంటాడు. ఆ మనిషి శ్రద్ధను నేను ఒక్క పూటలో తుడిచేశాను. పాత ట్యూనర్ కొనేటప్పుడు నేను ఇప్పటికీ మొదట చూసేది ఆ చుక్కలే. పగలకుండా ఉంటే ఆ పెట్టెలో నాలాంటివాడి చెయ్యి పడలేదని అర్థం.

పెంచలయ్య వచ్చిన పని

పెంచలయ్య ఉదయగిరిలో నాదస్వరం వాయించేవాడు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. తన శ్రుతిపెట్టె బాగుచేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాడు, అట్లా పరిచయం. వాయించడం మానేసి చాలా కాలమైంది. నేను అంగడి మూసే ముందటి ఏడాది ఒక ఉదయం బస్సు దిగి నేరుగా వచ్చాడు. చేతిలో శ్రుతిపెట్టె లేదు.

రేడియో స్టేషన్లో ఆదివారం ఉదయాలు పాత టేపులు వేస్తున్నారనీ, మూడు వారాల తర్వాత రమణయ్య, పెంచలయ్య సోదరుల నాదస్వరం వేస్తామని చెప్పారనీ అన్నాడు. దాన్ని బాగా వినడానికి ఏది కావాలో అది తనకు చూసిపెట్టమన్నాడు. ఆ మాట అడిగేటప్పుడు ఆయన చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పాడు. రమణయ్య ఆయన అన్న. చిన్నప్పటి నుంచి ఇద్దరూ జంటగా వాయించారు. ముప్పై ఏళ్లకు పైగా అయింది, రేడియోకి రికార్డు చేయడానికి వెళ్లారు. కళ్యాణి రాగం. పెంచలయ్య వంతు వచ్చింది, పై షడ్జం అందుకుని నిలబెట్టాడు. తన జీవితంలో అంత బాగా ఎప్పుడూ నిలబడలేదని ఆయనకు అనిపిస్తోంది. సరిగ్గా అప్పుడు అన్న నాదస్వరం ఆ స్వరం మీదికి వచ్చేసింది. అక్కడి నుంచి రాగమంతా అన్నదే అయిపోయింది. అద్దం అవతల ఉన్న ఆఫీసర్లు అన్ననే మెచ్చుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, నా స్వరం ఎందుకు లాక్కున్నావని అడిగాడు. అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, అవును, నేనే అందుకున్నా అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. ఆ రోజుతో జంట విడిపోయింది. అన్న వరికుంటపాడులో, తమ్ముడు ఉదయగిరిలో. మాటల్లేవు. ఎనిమిదేళ్ల కిందట అన్న పోయినప్పుడు వెళ్లాడు గానీ గడప దాటి లోపలికి పోలేదు.

"ఆయన బతికినన్నాళ్లు కోపమే ఉన్నింది మస్తానూ," అన్నాడు. "పోయినాక అనుమానం మొదలైంది. నిజంగా లాక్కున్నాడా, ఇంకేమన్నా జరిగిందా? అప్పట్లో ప్రసారం చేసినప్పుడు టీ అంగట్లో విన్నా. గరగరలో ఒకటే స్వరం వినపడింది. యాడ నాది ఆగిందో, యాడ ఆయనది మొదలైందో తెలియలా. నాకు అది తెలియాల."

స్టేషన్ వాళ్లను కాపీ అడిగి చూశారా అన్నాను. అర్జీ పెట్టుకోమన్నారట, పెట్టాడు, దానికి పట్టే కాలం దానికి పడుతుంది. ఫోన్లో నెట్ ద్వారా కూడా వస్తుందిగదా అంటే, వాళ్ల వీధిలో నిమిషానికోసారి ఆగిపోతుందన్నాడు. ఆగకపోయినా దాంతో ఆయన పని జరిగేది కాదు. నెట్‌లో పంపడానికి శబ్దాన్ని కుదిస్తారు, కుదించేటప్పుడు మొదట పోయేవి చిన్న చిన్న చప్పుళ్లే. పెంచలయ్యకు కావలసింది ఆ చిన్న చప్పుడే.

మూడు పెట్టెలు

ఆ రోజు నుంచి వారం రోజులు నేను వేరే పని ముట్టుకోలేదు. మద్రాసులో పాత సామాన్లు అమ్మే నా మిత్రుడి దగ్గరికి పోయి మూడు ట్యూనర్లు తెచ్చాను.

మొదటిది చూస్తే కళ్లు చెదిరేంత అందం. నీలి దీపాలు, దళసరి అద్దం. ఇంటికి తెచ్చాక గానీ సరిగా చూడలేదు, దాని డయల్ తొంభైతో ఆగిపోతుంది. అది జపాన్‌లో వాళ్లకోసం చేసుకున్నది. వాళ్ల స్టేషన్లు అప్పట్లో తొంభై లోపే. మన స్టేషన్లు చాలావరకు తొంభై పైన. పైగా వంద వోల్టుల మీద నడిచేది, మన కరెంటులో నేరుగా పెడితే పొగే. నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ని, దీపాలు చూసి మోసపోయాను. మీరు డబ్బా విప్పకముందే డయల్ మీద అంకెలూ, వెనక వోల్టుల గుర్తూ చదవండి.

రెండోది కాస్త తర్వాతి కాలంది, అంకెలు వెలిగే రకం. స్టేషన్‌ని ఠక్కున పట్టేస్తుంది, జారనివ్వదు. మూడోది చెక్కపెట్టె, డయల్ అద్దం ఒక మూల పగిలింది, చూడ్డానికి ఏమీ బాగోలేదు. మూత తీసి చూస్తే, స్టేషన్ మార్చే రేకుల గ్యాంగ్ కండెన్సర్ ఐదు అరలది. మీట తిప్పితే ఆ రేకులు ఒకదానిలోకొకటి తాకకుండా దూరిపోవడం చూస్తుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు పని ఆగిపోతుంది. కాగితం పట్టేంత సందు, ఎన్ని వేలసార్లు తిప్పినా రాసుకోదు. అరలు ఎక్కువైన కొద్దీ అక్కరలేని స్టేషన్లు లోపలికి రావు. కాయిళ్ల మీద రంగుచుక్కలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ముందు ముళ్ల పరీక్ష పెట్టాను. మంచి పాత ట్యూనర్లో రెండు ముళ్లుంటాయి. ఒకటి సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెబుతుంది, ఇంకొకటి స్టేషన్ సరిగ్గా నడిమధ్యలో ఉందో లేదో చెబుతుంది. మొదటిది అన్నిటికంటే పైకి లేచినప్పుడే రెండోది నడుమకు రావాలి. రాకపోతే పెట్టె తనతో తానే ఒప్పుకోవడం లేదని లెక్క. ఆ చెక్కపెట్టెలో రెండు ముళ్లకూ వెంట్రుకంత తేడా ఉంది. ఎండిపోయిన కండెన్సర్లు మార్చి, సిగ్నల్ జనరేటరు పెట్టి, ఈసారి పటం ముందు పెట్టుకుని, ఒకే ఒక్క కోర్‌ని ఒకే ఒక్క నలుసంత తిప్పాను. రెండు ముళ్లూ ఒప్పుకున్నాయి. మన కొలతకూ అమెరికా కొలతకూ మార్చుకునే మీట వెనకే ఉంది, దాన్ని మన వైపుకు పెట్టాను.

రెండింటిలో ఏది అన్నది నేను తేల్చదలచుకోలేదు. పెంచలయ్యను పిలిపించి, పెట్టెల మీద గుడ్డ కప్పి, ఒకే ఆంప్లిఫయర్, ఒకే స్పీకర్ల మీద ఒకదాని తర్వాత ఒకటి వినిపించాను. వార్తలు వస్తున్నాయి. పాట కాదు, వార్తలే మంచిదనుకున్నాను. మనిషి గొంతు ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు, దాంట్లో ఎవరూ మోసపోరు.

ఆయన తల పక్కకు వంచి విన్నాడు. సుబ్బరామయ్య గారు కూర్చునేది అచ్చం అట్లాగే. రెండుసార్లు మార్చి వినిపించాక అన్నాడు:

"ఆ పెట్టెలో మాటలు మాట్లాడతా ఉండాయి. ఈ పెట్టెలో మనిషి మాట్లాడతా ఉండాడు."

గుడ్డ తీస్తే చెక్కపెట్టె. కొనే ట్యూనర్ గురించి ఇంతకంటే మంచి మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కొండ వైపు

ప్రసారానికి రెండు రోజుల ముందు ఉదయగిరి వెళ్లి పెంచలయ్య ఇంట్లో అన్నీ అమర్చాను. మిద్దె మీద ఐదు పుల్లల యాంటెనా కట్టి, తూర్పున స్టేషన్ ఉన్న దిక్కుకు తిప్పాను. సిగ్నల్ ముల్లు బలంగానే లేచింది. లోపలికి వచ్చి విన్నాను. అనౌన్సరు స, శ అన్నప్పుడల్లా అక్షరం గుడ్డ చింపినట్టు చిరుగుతోంది.

మీలో చాలామంది ఇక్కడ ట్యూనర్‌ని తిడతారు. నేను ఒకప్పుడైతే స్క్రూడ్రైవరు తీసేవాణ్ని. ముల్లు బలంగా ఉన్నంత మాత్రాన శబ్దం శుభ్రంగా ఉన్నట్టు కాదు. స్టేషన్ నుంచి నేరుగా వచ్చే తరంగం ఒకటి, వాటర్‌ట్యాంకుకూ ఎత్తు మిద్దెలకూ తగిలి వచ్చేవి ఇంకొన్ని. అవి రవ్వంత ఆలస్యంగా వచ్చి కలిసేసరికి స్వరం చిరుగుతుంది. ఎంత గొప్ప పెట్టె అయినా గాలిలోనే చిరిగినదాన్ని కుట్టలేదు.

యాంటెనా ఎత్తు పెంచాను, తగ్గించాను. పెంచలయ్య కింద కూర్చుని విని, బాగాలేదు, ఇంకా బాగాలేదు అని కేక వేస్తున్నాడు. మధ్యాహ్నం దాటింది. విసిగిపోయి, ఆఖరికి కర్రను మెల్లగా గుండ్రంగా తిప్పుతూ పోయాను. ఉత్తరం దాటి పడమరకు వచ్చింది. పడమర స్టేషన్ లేదు. పడమర ఉన్నది ఉదయగిరి కొండ, దాని మీద నిలువుగా లేచిన రాతి గోడ. యాంటెనా స్టేషన్‌కి పూర్తిగా వీపు పెట్టి నిలబడింది. కింద నుంచి పెంచలయ్య గొంతు వినపడింది.

"ఆడ్నే ఉంచు. కదిలించబాక."

దిగి వచ్చి విన్నాను. స్వరం కడిగిన గాజులా ఉంది. ముల్లు తూర్పు వైపు ఉన్నప్పటికంటే కాస్త కిందికే ఉంది, కానీ ఒక్క అక్షరం చిరగడం లేదు. ఆ రాతి గోడ ఎత్తు మీద ఉంది, స్టేషన్ దానికి అడ్డం లేకుండా కనపడుతుంది. అక్కడికి చేరిన తరంగం అద్దం మీద వెలుగులా తిరిగి ఈ మిద్దె మీద పడుతోంది. మిగతా చిల్లర తరంగాలన్నీ యాంటెనా వీపు వైపు ఉండిపోయాయి. లెక్క ప్రకారం ఇందులో వింత లేదు. కానీ మళ్లీ మిద్దె ఎక్కి, ఆ కొండ ముందు చాలాసేపు నిలబడ్డాను. చిన్నప్పటి నుంచి దాన్ని చూస్తున్నాను. రాజులు కోట కట్టుకున్న కొండ అనే తెలుసు. అది కంటికి కనపడని పాటను పట్టుకుని ఈ ఊళ్లోకి వదులుతూ ఉందని అరవై దాటాక తెలిసింది.

ఆదివారం

ఆ ఉదయం నేను పెందలాడే చేరాను. రికార్డరు తగిలించాను. వెడల్పు, సన్నం అని ట్యూనర్‌కి రెండు దారులుంటాయి. పక్కన వేరే స్టేషన్ లేదు కాబట్టి వెడల్పు దారిలో పెట్టాను, స్వరం పూర్తిగా వస్తుంది. స్టీరియో మీట తీసి మోనోలో పెట్టాను. స్టీరియో వస్తోందని చెప్పే ఎర్ర దీపం ఆరింది, దాంతోపాటు వెనక సన్నగా వినపడే బుస కూడా ఆగింది. పాత టేపు ఎట్లాగూ మోనోనే. ఆ ఎర్ర దీపం వెలగాలనే ఆశతో దూరపు స్టేషన్‌ని బుసలో ముంచుకునేవాళ్లను ఎంతమందిని చూశానో.

అనౌన్సరు ఇద్దరి పేర్లూ చెప్పింది. పెంచలయ్య కింద చాప మీద కూర్చున్నాడు. డోలు మొదలైంది, కళ్యాణి మొదలైంది. గదిలో ఇద్దరు మనుషులు కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది. వేలు రంధ్రం మీద పడే చిన్న టప్ చప్పుడు కూడా వినపడుతోంది. ఆయన చెయ్యి ఎత్తి, ఇది అన్న, ఇది నేను అని సైగ చేస్తున్నాడు.

పై షడ్జం వచ్చింది. నిలబడింది. నిజంగానే గొప్పగా నిలబడింది. ఆ తర్వాత, నేను కూడా స్పష్టంగా విన్నాను, స్వరం అంచు వణికింది. దీపం చమురైపోయేటప్పుడు వణికినట్టు. కాస్త కిందికి జారబోయింది. ఆ జారే క్షణంలో, మైకుకు దగ్గరగా, ఒక మనిషి గబుక్కున ఊపిరి పీల్చుకున్న చప్పుడు. వెంటనే అన్న నాదస్వరం అదే షడ్జం మీద, అదే బలంతో, దారం మీద ముడి కనపడనంత నున్నగా కలిసింది. దాని వెనకాల, చాలా మెల్లగా, ఇంకొక మనిషి దగ్గు నోట్లోనే అణచుకోవడం వినపడింది.

వరస అది. ముందు వణుకు. తర్వాత ఊపిరి. ఆ తర్వాతే అన్న.

ప్రసారం అయ్యాక పెంచలయ్య మళ్లీ వెయ్యమన్నాడు. మూడుసార్లు వేశాను. మూడోసారి అయ్యాక, ఆ రోజు తనకు రొమ్ము పట్టేసి ఉందని, రికార్డింగు పోతుందనే భయంతో ఎవరికీ చెప్పలేదని, ఇన్నేళ్లలో ఆ సంగతే మర్చిపోయానని చెప్పాడు. మనిషి తన గొప్ప స్వరాన్ని గుర్తుపెట్టుకుని, దాని వెనక దగ్గును మర్చిపోయాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నేనూ అంతే.

నా వృత్తిలో ఎన్నో పెట్టెలు పలికించాను. ఒక చనిపోయిన మనిషి ఊపిరి పీల్చుకోవడం విన్నది ఆ ఒక్కసారే. రాగి తీగ, రేకులు, ఒక కొండ. వీటిలోంచి అది వచ్చింది. నేను చేసింది దారికి అడ్డం తీయడం మాత్రమే.

వరికుంటపాడు

మర్నాడు నన్ను కూడా రమ్మన్నాడు. రికార్డరూ, ఆంప్లిఫయరూ, ఒక జత స్పీకర్లూ ఆటోలో పెట్టుకుని వరికుంటపాడు వెళ్లాం. ఆయన వదిన రత్నమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బాగా పెద్దామె. మరిదిని చూసి చేతిలో పని ఆపలేదు గానీ, రా పెంచలయ్యా అంది, నిన్ననే వచ్చి వెళ్లినవాణ్ని పిలిచినట్టు.

ఆయన మెట్టు దగ్గరే నిలబడ్డాడు.

"వదినా, అన్న నా స్వరం లాక్కోలేదు. నాకు దమ్ము అయిపోతే అందుకున్నాడు."

"తెలుసు నాకు," అంది ఆమె. "ఆ పొద్దు ఇంటికొచ్చి చెప్పినాడు. వాడికి ఊపిరి చాల్లేదని బయటికి పొక్కితే ఒక్క పెళ్లికి కూడా పిలవరు, నన్ను తిట్టుకున్నా పర్లేదు, నువ్వు మాత్రం ఎవురితోనూ అనబాక అన్నాడు."

పెంచలయ్య, అన్న పోయినాకైనా చెప్పి ఉండొచ్చుగదా అన్నాడు.

"ఆయన పోతే, నేనిచ్చిన మాట కూడా పోద్దా?"

ఆమె చేతులు తుడుచుకుని, ఆ పాట తనకు వినిపించమంది. ఆ రోజుల్లో వాళ్ల ఇంట్లో రేడియో లేదు. కచేరీలకు ఆమెను తీసుకుపోయిందీ లేదు. భర్త జీవితమంతా వాయించాడు, రికార్డయిన ఆ ఒక్క కచేరీని ఆమె ఎప్పుడూ వినలేదు. పెంచలయ్య గడప దాటి లోపలికి పోయి, స్పీకర్లు పెట్టడానికి స్టూలు తనే తెచ్చాడు.

మొదటి నుంచి వేశాను. ఎక్కడ వినాలో మేమిద్దరం ఆమెకు చెప్పలేదు. కళ్యాణి నడుస్తోంది, పై షడ్జం వచ్చింది, నిలబడింది, వణికింది. ఊపిరి వినపడిన చోట రత్నమ్మ చూపుడువేలు ఎత్తింది.

"ఇదో, ఆయన," అంది.